మారిపోయిన పుస్తకాలు

ధరణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, తనను శభాష్ అన్నవాళ్ళకు ఏదో ఒకరోజు ఆ శభాష్ తనది కాదని తెలిసిపోవడం, దొంగతనం చేసి దొరికినా ఇంత సిగ్గుండదేమో, దొంగకు తాను దొంగనని ముందునుంచీ తెలుసు కదా అనుకుంటుండగానే రైలు హిందూపురం వదిలింది, ఒళ్ళో కూతురు వెన్నెల కిటికీ చువ్వ పట్టుకుని అమ్మా చెట్లన్నీ ఎనక్కి పోతాండాయే అంది, పోనీలే పాపా మనం ముందుకు పోతాండాం కదా అంది ధరణి, కానీ ముందుకంటే ధర్మవరం, ధర్మవరమంటే అశోక్, అశోక్ అంటే నిన్న ఫోన్‌లో వేణుగోపాల్ సారు నవ్వుతూ చెప్పిన మాట, మన అశోక్ మగ్గం గుంత పూడ్చేసినాడంటమ్మా, ఇంక నేసేదే లేదంట, పొద్దస్తమానం మేఘరాయుణ్ణి గీసుకుంటా కూర్చుంటాడంట, అంతా నీ పుణ్యమేనమ్మా.

పుణ్యమట, ఎవరికైనా చెబితే ముఖాన ఊసి పోతారు, వేణుగోపాల్ సారుది కర్ణాటక అంచున ఉండే అగళి, ఇంట్లో కన్నడమే, బెంగుళూరులో చిన్న ప్రెస్సు పెట్టుకుని వీరుల బొమ్మల పుస్తకాలు కన్నడంలోనూ తెలుగులోనూ నెలనెలా వేస్తాడు, వీరులు ఇద్దరు, ఒకడు ఉక్కుకన్ను, చూపుతోనే లారీలను బోల్తా కొట్టిస్తాడు, ఇంకొకడు మేఘరాయుడు, వాన పడని ఊళ్ళకు మబ్బును భుజాన వేసుకుని మోసుకొస్తాడు, వాణ్ణి గీసేది ధర్మవరం అశోక్, మగ్గం దిగిన పూట గీసేవాడు, హిందూపురం నుంచి ధర్మవరం దాకా స్టేషన్ బంకులకూ బస్టాండు అంగళ్ళకూ కట్టలు వేసేది ధరణి, నెల తిరగ్గానే సారు ఫోన్ చేసి ట్రెండ్ ఎట్లుండాదమ్మా అంటాడు, మొదటిసారి అది ట్రైన్ అని వినబడి ప్యాసింజర్‌కే వస్తాండా సార్ అనేసింది, ఆయన పగలబడి నవ్వి, అమ్మకం లేస్తాందా పడతాందా అని అడిగేదమ్మా అన్నాడు, తొమ్మిదో తరగతిలో నాయన ఇంక చాలు అని బడి మాన్పించిన నాటి నుంచీ ఆ నవ్వు ఎక్కడో ఒకచోట తన కోసం కాచుకునే ఉంటోంది.

ట్రెండ్ అనే మాట తెలియకపోయింది గాని సంగతి తెలియక కాదు, మార్చిలో పరీక్షలు, పుస్తకం చేతిలో కనబడితే వీపు పగులుతుంది, అందుకని అమ్మకం పడుకుంటుంది, ఏప్రిల్లో లేచి మే అంతా రైళ్ళలో ఎగిరి గంతేస్తుంది, జూన్‌లో బడి తెరిస్తే మళ్ళీ కూలబడుతుంది, ప్రతి నెలా చివర్న కొంచెం తలెత్తుతుంది, ఎందుకంటే అప్పటికి తల్లుల ఫోన్లలో రీచార్జి అయిపోయి ఉంటుంది, బొమ్మలు ఆడక పిల్ల ఏడుస్తుంది, తల్లి ఇంద పట్టుకొని చావు అని ఒక ఉక్కుకన్ను కొనిస్తుంది, ఉక్కుకన్నే, మేఘరాయుడు కాదు, మేఘరాయుడి పుస్తకంలో కొట్లాట తక్కువ, ఆకాశం ఎక్కువ, పిల్లలు నాలుగు పేజీలు తిప్పి ఎప్పుడు కొడతాడు అని అడిగి పక్కన పడేస్తారు, ఇదంతా సారుకు ఒక్కసారి చెప్పి ఉంటే.

చెప్పలేదు, జూన్‌లో మేఘరాయుడి కట్ట విప్పితే లోపల అన్నీ కన్నడం పుస్తకాలు, తెలుగువి ఎవరి కట్టలోకి పోయాయో, అప్పుడే వెన్నెలకు జ్వరం, మాత్ర నలుపుతూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వాయిస్ మెసేజ్ పెట్టింది, సార్ మేఘరాయుడు పుస్తకాలన్నీ మారిపోయినాయి సార్ అని, అంతే, వెంటనే ఆయన గొంతు గంతులేస్తూ వచ్చింది, ఎల్లా మారి హోయ్తా, శభాష్ ధరణమ్మా, జూన్‌లో ఇట్లా ట్రెండా, తెలుగులో మారడమంటే ఒకటి పోయి ఇంకొకటి రావడం, కన్నడంలో మారడమంటే అమ్మడం, హిందూపురంలో పుట్టి, హూ మారువ అజ్జీ అని పూలమ్మే ముసలామెను పిలుస్తూ పెరిగిన తనకు అది తెలియదా, అగళి మనిషి ఏం విన్నాడో తెలియదా, ఫోన్ చేసి అట్ల కాదు సార్ అనడానికి ఎంతసేపు, కానీ ఆ శభాష్ ఉంది చూడు, బడి మానిన తర్వాత ఎవరూ అనని మాట, జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన కూర్చుని ఆ మెసేజ్‌ను మళ్ళీ మళ్ళీ వింది, రేపు చెబుదాంలే అనుకుంది, మరుసటి నెల కట్ట రెండింతలైంది, ట్రెండ్ ఎట్లుండాదమ్మా అన్నాడు, మారిపోయినాయి సార్ అంది, ఈసారి అది ఏ భాషలో అంటోందో తనకు బాగా తెలుసు.

పెనుకొండలో రైలు ఆగీ ఆగకముందే ప్లాట్‌ఫారం మీద బంకు పెట్టుకున్న పెద్దప్ప కిటికీ దగ్గరకు వచ్చేశాడు, ఏమ్మా ధరణీ, మీ మేఘరాయుడు నా సోడాపెట్టెల ఎనక గడ్డం పెంచుకుంటాండాడు, తీసకపోతావా, పెండ్లి చేసి ఈడనే కాపురం పెట్టిచ్చమంటావా, పక్క సీటు వాళ్ళు నవ్వారు, వచ్చే వారం తీసకపోతా పెద్దప్పా, పోయిన వారమూ అదే అంటివి, వాడు మబ్బులు మోస్తాడంటనే, నా అంగట్లో దుమ్ము మోస్తాండాడు, అని వెన్నెల చేతిలో ఒక బర్ఫీ పెట్టి వెళ్ళిపోయాడు, నవ్వింది తనూ, నవ్వుతుంటే చెవులు కాలాయి, ఇంట్లో మంచం కింద ఉన్న కట్టలు, దుప్పటి కిందికి లాగి కప్పిన కట్టలు, లెక్క తేల్చేది సంవత్సరానికొకసారి దసరాకు, నెలనెలా అడిగేది మాట ఒక్కటే, మాటకేముంది అనుకుంది, ఆ మాట పట్టుకుని ధర్మవరంలో ఒక మనిషి గుంతలో మన్ను పోస్తాడని ఎవరనుకున్నారు.

అశోక్ వాళ్ళ ఇంట్లోకి అడుగు పెట్టగానే ధరణి కళ్ళు ముందు నేల మీదికే పోయాయి, మగ్గం లేదు, అది ఉండే చోట పచ్చి మన్ను, పైన పేడతో అలికారు, దాని మీద బల్ల, బల్ల మీద కాగితాలు, అశోక్ తల్లి చౌడక్క రామ్మా కాళ్ళు కడుక్కో, బొరుగులు నానేసినా ఉగ్గాని చేస్తాండా అంటూనే గుంత వైపు చెయ్యి చూపించింది, వాళ్ళ తాత తవ్విన గుంతమ్మా, ఎంత మన్ను పోసినా మింగతానే ఉండె, ఆకలిగొన్నట్ల, మగ్గం కనగానపల్లి దిక్కు ఎవరికో ఇచ్చేసినాడు, నా మాట యాడ వింటాడు, నీ మాటంటేనే నమ్మకం, అశోక్ కుర్చీలో అటూ ఇటూ కదులుతూ నవ్వాడు, ఇన్నేండ్లు గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నోణ్ణి కదక్కా, ఈ కుర్చీలో కాళ్ళు యాడ పెట్టుకోవాల్నో తెలీడంల్యా, చూడక్కా ఈ నెల బొమ్మ, మబ్బుకు రంగు ఎట్లొచ్చిందో, పట్టు దారం కండె మాదిరి లేదా, అంటుంటే వెన్నెల బల్ల మీదికి వంగి, మామా, మీ మేఘరాయుళ్ళు మా మంచం కింద చానా మంది ఉండారు, అమ్మ ముట్టుకోనీదు అంది.

అశోక్ ముఖం వెలిగింది, అక్కా, నా పుస్తకాలు దాచిపెట్టుకుంటాండావా, అన్నాడు, అంత మంచిగా అనుకోగలిగినవాణ్ణి ఏం చెయ్యాలి, అవునబ్బా అంటే అయిపోయేది, నాలుక చివర దాకా వచ్చింది ఆ అవును, ఉగ్గాని తిని రైలెక్కవచ్చు, కానీ కాలి కింద ఆ పచ్చి మన్ను మెత్తగా తగులుతోంది, అశోకా, అవి దాచుకున్నవి కాదు, పోనివి, అమ్ముడు పోనివి, పెనుకొండలో ఉండాయి, హిందూపురంలో ఉండాయి, నేను మారిపోయినాయంటే సారు వేరే విన్నాడు, విన్నాడని తెలిసీ నేను నోరు మూసుకుంటి, అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది, వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది, అశోక్ కుంచె కడిగి, తుడిచి, మళ్ళీ కడిగి, ఒగటీ పోలేదా అక్కా అని అడిగాడు, తిట్టి ఉంటే బాగుండేది, పోయినాయబ్బా, ఒకాయన సేద్యగాడు, నల్ల మబ్బు అట్టను చూసి తీసుకున్నాడు, చదవను రాదంట, గోడకు అంటించుకుంటానన్నాడు, అంది, అది నిజమే, నిజమైనా ఆ వేళ అబద్ధంలాగే వినబడింది, సరేలేక్కా, రైలుకు టైమవుతాండాది పోయిరా, అన్నాడు, చౌడక్క వెన్నెలకని ఉగ్గాని పొట్లం కట్టి చేతిలో పెట్టింది, ధరణి ముఖం మాత్రం చూడలేదు.

స్టేషన్లోనే వేణుగోపాల్ సారుకూ ఫోన్ చేసి చెప్పేసింది, ఆయన, నువ్వు మారిపోయినాయంటే నేను మారి హోయ్తు అనుకుంటినే, ఛీ, అని, ఈ నెలతో మేఘరాయుణ్ణి ఆపేస్తానమ్మా, అశోక్‌కు నేనే చెప్తా, నువ్వు కట్టలు వేసే లైన్ సంగతి తర్వాత చూస్తా, అని పెట్టేశాడు, రైలు కదిలింది, ఎండ తగ్గింది, పాప ఉగ్గాని తింటూ తనకూ ఒక ముద్ద పెట్టింది, ఆశ్చర్యం, తిండి దిగుతోంది, ఎన్ని నెలల తర్వాతో భుజాలు తేలికగా ఉన్నాయి, పోతే లైన్ పోతుంది, ఇంకేదైనా పని చేసుకుంటాను, చెప్పేశాను కదా, మంచిపని చేశాను కదా, అనుకుంటూ ఆ తేలికను కాసేపు తడుముకుని చూసుకుంది, అప్పుడు పాప అందించిన రెండో ముద్దను పొట్లంలోనే పెట్టేసింది, బరువు ఎక్కడికి పోయింది, బరువనేది ఊరికే పోదు కదా, ఇన్ని నెలలూ సిగ్గు నాది, భయం నాది, శభాష్ నాది, ఈ రోజు చెప్పడం కూడా నా కోసమే, నా గుండె బరువు దించుకోవడానికి అతని గుమ్మం దాకా పోయి, దించి, టైముకు రైలెక్కాను, మగ్గం లేని, గుంత లేని, గీయడానికి వీరుడు కూడా లేని ఆ మనిషి ఇప్పుడేం చేస్తుంటాడని ఇంతసేపూ ఒక్కసారైనా అనుకున్నానా, ఫోన్ చేసింది, స్విచాఫ్, మళ్ళీ చేసింది, రైలు ఆగదు, ఒళ్ళో బిడ్డ నిద్రపోయింది, ధర్మవరం వెనక్కి వెనక్కి పోతోంది, మీలో ఎవరైనా ఆ నేతగాళ్ళ వీధుల వైపు ఉంటే, తలుపు మీద సుద్దతో మబ్బు గీసిన ఇల్లు కనబడుతుంది, ఒక్కసారి తట్టి, అశోక్ ఉన్నాడా, అన్నం తిన్నాడా, కనుక్కోండి.