ఫ్యాను కింది బల్ల

నేను ఒక టేకు బల్లను. ఆరుగురు హాయిగా, ఎనిమిది మంది ఇరుగ్గా కూర్చోగలిగినంత పొడుగు. క్రిస్మసు రోజున ఎంతమంది కూర్చుంటారో నేను లెక్కపెట్టను. ఆ రోజు ఊపిరి బిగబట్టుకోవడంతోనే సరిపోతుంది. మీరు మనుషుల్ని మొహం చూసి గుర్తుపడతారు. నాకా సదుపాయం లేదు. ఎవరు ఎలా కూర్చుంటారో దాన్నిబట్టే పోల్చుకుంటాను. మొహానికైతే నవ్వు పులుముకోవచ్చు గాని, కూర్చునే తీరులో నటించడం చాలా కష్టం.

రైల్వే వర్క్‌షాపులో పుట్టాను. నన్ను చేసిన మేస్త్రికి చుట్ట మీదున్న ధ్యాస కొలత మీద ఉండేది కాదు. అందుకే నా ఎడమ వైపు కుడివైపు కంటే వెంట్రుకవాసి పల్లం. అక్కణ్ణుంచి కొండల కిందున్న ఒక జంక్షనుకు, మూడో తరగతి వెయిటింగు హాల్లోకి వచ్చిపడ్డాను. అది మంచి కాలం. తమిళులు, ఒరియావాళ్లు, మలయాళీలు, తెలుగువాళ్లు అందరూ ముడుచుకుని కూర్చుని రైలు కోసం చూసేవారు. రైలు ఆలస్యమని తెలిసిన కాసేపటికి అరటిపళ్లు చేతులు మారేవి, పిల్లలు ఒళ్లు మారేవారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా స్టేషను మాస్టరును తిట్టుకోవడంలో మాత్రం అందరిదీ ఒకటే మాట.

తరవాత స్టీలు కుర్చీలొచ్చాయి. కాలు విరిగిన నన్ను పాత సామాను యార్డులో పడేశారు. పొయ్యిలోకే నా ప్రయాణమని అనుకుంటూండగా గూడ్సు గార్డు జ్ఞానముత్తుగారు వేలంలో చెయ్యెత్తి నన్ను కొని, కాలనీ చర్చికి ఇచ్చారు. విరిగిన కాలుకు ఇనప పట్టీ వేసి నిలబెట్టింది ఫిట్టరు సత్యానందంగారు. ఆయన పోయాక ఆయన భార్య సువార్తమ్మగారు నా కుడి కొసన కూర్చోవడం మొదలుపెట్టారు. ఎడమ కొసన జ్ఞానముత్తుగారు. ఇద్దరి మధ్యా ఆవిడ చేతిసంచీ, ఆయన గొడుగు దర్జాగా కూర్చునేవి. చర్చి మొత్తానికి సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే, అది సరిగ్గా నా నెత్తిన ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ సంఘం చరిత్ర సగం తెలిసినట్టే.

మిగతా సగం ఇది. తెలుగువాళ్లు కుడివైపు. తమిళులు ఎడమవైపు. మలయాళీలైన ఆసుపత్రి నర్సులు కిటికీ దగ్గర. ట్రాకు పని చేసే ఒరియా కుటుంబాలు వెనక గుమ్మం పక్కన చాపల మీద. ఎవరూ ఎవరినీ అలా కూర్చోమనలేదు. అయినా ఎవరూ ఆ వరస తప్పేవారు కాదు.

ఇలాంటి చోటికి జీవరత్నం అయ్యగారు కొత్త పాస్టరుగా వచ్చారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. వచ్చిన మొదటి ఆదివారమే ఐకమత్యం గురించి ప్రసంగించారు. శరీరంలో చెయ్యి, కాలు, కన్ను అన్నీ కలిసి ఎలా ఉంటాయో చెబుతూ చెమటలు కక్కారు. అందరూ గట్టిగా "ఆమెన్" అన్నారు. ఆ తరవాత చెయ్యి చేతుల వైపు, కాలు కాళ్ల వైపు నడిచి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

అయ్యగారు ఓడిపోయే రకం కాదు. ప్రతి ఆదివారం ప్రతి భాషలోనూ ఒక పాట పాడాలన్నారు. ఆరాధన మధ్యాహ్నం దాకా సాగింది. తమ పాటకు చప్పట్లు కొట్టినవాళ్లు పక్కవాళ్ల పాట మొదలవగానే గోళ్లు చూసుకునేవారు. పైగా మా పాట ముందంటే మా పాట ముందని కొత్త తగువొకటి పుట్టింది. చివరికి తమిళులు విసిగిపోయి, వేరే హాలు చూసుకుని తమ ఆరాధన తాము జరుపుకుంటామన్నారు. జ్ఞానముత్తుగారు ఇంకో ముక్క చేర్చారు: "నా బల్ల కూడా నాతో వస్తుంది."

అయ్యగారికి ఆ వారమంతా తిండి సయించలేదట. ఖాళీ చర్చిలో నా మీద కూర్చుని చేతుల్లో తల పెట్టుకునేవారు. అంత తేలికైన మనిషి ఆ వారం ఎంతో బరువుగా ఉన్నారు. "ప్రభువా, ఉన్నవాళ్లను కలపమని పంపితే ఉన్నదాన్నే రెండు చేస్తున్నాను" అన్నారొకసారి, పైకే.

ఆ దిగులులోనే ఆయనకొక సంగతి తోచింది. అందరూ కలవాలంటున్న తనకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. మర్నాడే స్కూటరేసుకుని ట్రాక్‌మన్ ప్రభుదాన్ దిగల్ ఇంటికి వెళ్లి, అతని భార్య సంజుక్తను చిన్న ప్రార్థనొకటి ఒరియాలో నేర్పమన్నారు. ఆవిడ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నేర్పిందట. ఈయన స్కూటరు మీద గతుకుల రోడ్డంతా వల్లెవేసుకుంటూ వచ్చారు. ఆ గతుకుల్లోనే ఒక అక్షరం జారిపోయిందని నా నమ్మకం.

ఆదివారం ఆయన కళ్లు మూసుకుని, వెనక చాపల వైపు తిరిగి, ఒరియాలో ప్రార్థించారు. ఎవరూ ఊహించలేదు. అంతలో వెనకనుంచి ఒక నవ్వు. ముందు ఆపుకోబోయిన నవ్వు, తరవాత ఆగని నవ్వు. సంజుక్త! మూడేళ్లుగా ఆ చర్చిలో ఆవిడ గొంతు విన్నవాళ్లు లేరు. చాపలన్నీ ఆవిడతో కలిసి నవ్వాయి.

అయ్యగారు కళ్లు తెరిచి, "ఏమ్మా, ఏం తప్పు మాట్లాడాను?" అన్నారు.

సంజుక్త కళ్లు తుడుచుకుంటూ, బజారులో నేర్చుకున్న తెలుగులో చెప్పింది. "భాతొ అంటే అన్నమండీ. మీరు భూతొ అన్నారు. అందరిళ్లకీ కడుపునిండా దెయ్యాల్ని పంపమని దేవుణ్ణి అడిగేరు!"

ముందు నర్సులు నవ్వారు, తరవాత తమిళులు. సువార్తమ్మగారు చర్చిలో నవ్వకూడదన్న నియమం గలవారు కాబట్టి చప్పుడు చెయ్యకుండా నవ్వారు. ఆ కుదుపు నాకు తెలుసు. అందరికంటే గట్టిగా నవ్వింది అయ్యగారే. నేనక్కడికి వచ్చాక వాళ్లంతా ఒకే మాటకు ఒకేసారి నవ్వడం అదే మొదలు.

నవ్వితే మాత్రం తగువు తీరుతుందా? తరవాతి శనివారం మధ్యాహ్నం నా పంచాయితీ జరిగింది, నా మీదే. చెరో కొసన ఇద్దరూ, ఎదురుగా అయ్యగారు.

"వేలంలో చెయ్యెత్తింది నేను, సార్. బల్ల నాది" అన్నారు జ్ఞానముత్తుగారు.

"చెయ్యెత్తితే అయిపోద్దేటండీ? కాలు నిలబెట్టింది మా ఆయన. కాలు లేని బల్లని ఎలగ పట్టుకెళ్తారు?" అన్నారు సువార్తమ్మగారు.

"అయితే కాలు మీరే ఉంచుకోండమ్మా. మిగతాది నేను తీసుకుపోతా."

నిజం చెబుతున్నాను, రంపం ఎక్కడుందోనని వణికాను.

సరిగ్గా అప్పుడే సంజుక్త గుమ్మంలోకి వచ్చింది. నెలలు నిండిన మనిషి, ఎండలో నడిచొచ్చి రొప్పుతోంది. "అయ్యగారూ, రేపటి ప్రార్థన ఓపాలి సెప్పండి, ఇంటాను. మల్లీ దెయ్యాలొచ్చెయ్యగల్వు" అంటూ లోపలికొచ్చింది. ఎక్కడ కూర్చోవాలో కాసేపు చూసింది. తరవాత చేతిసంచీని కుడివైపుకూ గొడుగును ఎడమవైపుకూ మెల్లగా జరిపి, వాళ్లిద్దరి మధ్యా కూలబడింది. కళ్లు మూసుకుని తల పైకెత్తింది.

"ఇంత సల్లగుంటాదా ఇక్కడ!" అంది.

ఇద్దరూ తలలెత్తి ఫ్యాను వైపు చూశారు.

"ఈ బల్ల ఎవలదండీ?" అని అడిగింది సంజుక్త. "నేల మీద కూసుంటే లెగలేకపోతన్నాను. ఆళ్లనడిగి, బిడ్డ పుట్టేదాకా ఓ మూల కూసుంటాను."

సువార్తమ్మగారు గొంతు సవరించుకున్నారు. "నాదేటి కాదమ్మా. ఆయనే కొన్నారు."

"కొన్నాను, కొన్నాను" అన్నారు జ్ఞానముత్తుగారు గాభరాగా. "కానీ కాలు వాళ్లది కదా. కాలు లేకుంటే బల్ల ఎక్కడిది? అంతా వాళ్లదే."

ఒక్క క్షణం కిందట నా కోసం కొట్లాడుకున్నవాళ్లు ఇప్పుడు నన్ను ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు. నొచ్చుకోవలసిన మాటే గాని, నాకెందుకో హాయిగా ఉంది.

అయ్యగారు నోరు తెరిచారు. ప్రసంగం వస్తోందనుకున్నాను. నోరు మూసుకుని లేచి, వెనక గుమ్మం దాకా నడిచి, చాప మీద చతికిలబడ్డారు. "అమ్మా, ఇక్కడికి మైకు సరిగ్గా వినపడదు కదా?" అన్నారు అక్కణ్ణుంచే.

"పాట వినబడతాదండీ. మాట వినబడదు."

"మరి నాతో ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదు కదండీ" అంది సంజుక్త. నిష్ఠూరం కాదది, ఉన్న మాట.

ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు. కాని సువార్తమ్మగారు నా కొస మీంచి లేచారు. వెళ్లి అయ్యగారి పక్కన చాప మీద కూర్చున్నారు. కూర్చుని, గుమ్మంలోంచి వడగాలి కొట్టగానే, "ఓలమ్మా, ఇదేటి పొయ్యి!" అన్నారు. లేవబోయారు. లేవలేకపోయారు. రెండోసారి ప్రయత్నించారు. అయ్యగారు లాగబోతే ఆయనే పడేలా ఉన్నారు. అప్పుడు జ్ఞానముత్తుగారు గొడుగందుకుని వెళ్లి, "పట్టుకోండమ్మా, బ్రేకు నేను చూసుకుంటా" అని దాని కొస చేతికిచ్చి ఆవిడను లేపారు. ఎన్నో ఏళ్లుగా నా రెండు కొసలా కూర్చున్న ఆ ఇద్దరూ సూటిగా ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడగా నేను వినడం అప్పుడే.

మర్నాడు ఉదయం అయ్యగారు ప్రసంగం చెప్పే వేదిక ఎక్కలేదు. చాపలన్నీ స్వయంగా మోసుకొచ్చి ఫ్యాను కింద పరిచారు, నన్ను గాలి తగిలేంత దూరంలోనే గోడవైపుకు జరిపారు. గర్భిణులూ ముసలివాళ్లూ బల్లల మీద, తక్కినవాళ్లు ఎక్కడ చోటుంటే అక్కడ. ప్రతి ఒక్కరూ ఇంకో భాషవాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్ల కష్టమేమిటో అడిగి, దానికోసం వాళ్ల మాటల్లోనే ప్రార్థించడం నేర్చుకోవాలన్నారు. "తప్పులు పోతాయి" అని ఎవరో అంటే, "పోనివ్వండి. దెయ్యాల్ని నేను ముందే పిలిచేశాను" అన్నారు.

అందరూ మారిపోయారని చెబితే అబద్ధం. ఇద్దరు ముగ్గురు కోపంతో రావడం మానేశారు. తమిళుల ఆరాధన నెలకోసారి సాయంత్రం జరుగుతూనే ఉంది, కాని ఇక్కడే, ఈ హాల్లోనే. సువార్తమ్మగారు దానికి వస్తారు. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నా మీద కూర్చుని ఆఖరుదాకా ఉంటారు.

సంజుక్తకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను చర్చికి తెచ్చిన రోజు ఆరాధన అయ్యాక నా మీద పడుకోబెట్టారు. నూనె పెట్టి ఒళ్లు మర్దనా చెయ్యాలన్నారు సువార్తమ్మగారు.

"నువ్వుల నూనె, అమ్మా. మా పిల్లలందరికీ అదే" అన్నారు జ్ఞానముత్తుగారు.

"ఆవనూనె రాస్తామండీ మేం" అంది సంజుక్త.

"కొబ్బరినూనె కాకుండా ఇంకేం రాస్తారు?" అంది కిటికీ దగ్గరి నర్సు ఒకావిడ, ఆసుపత్రి అధికారమంతా గొంతులో నింపుకుని.

"ఊరుకోండి, ఆవుదం ఉండగా అయ్యన్నీ ఎందుకు!" అన్నారు సువార్తమ్మగారు.

గొంతులు లేచాయి. నాలుగు భాషలు ఒకదాని మీదొకటి పడ్డాయి. బిడ్డ మాత్రం గుప్పెట్లు బిగించుకుని నా పల్లం వైపు నిద్రపోతోంది. అయ్యగారి భార్య కంగారుగా పరుగెత్తి వెళ్లి ఆయన్ను పిలుచుకొచ్చింది. "మళ్లీ మొదలైందండీ తగువు. వెళ్లి ఆపండి."

అయ్యగారు గుమ్మంలో నిలబడి కాసేపు విన్నారు. ఆపలేదు.

"ఇది సంఘంలో తగువు కాదే పిచ్చిదానా," అన్నారు మెల్లగా, "ఇంట్లో తగువు."

ఆ సాయంత్రానికి నా మీద నాలుగు నూనెలూ ఒలికాయి. ఎంత తుడిచినా పోలేదు. అందుకే ఇప్పుడు నా మీద కూర్చున్నవాళ్లు, ఏ కొసన కూర్చున్నా, కాస్త జారి పక్కవాళ్ల మీదికి వెళ్తూంటారు.