పరుగెత్తే కారుకి పాస్‌పోర్టు ఫోటో

"నా కెమెరా ముందటికొచ్చి కదిలినోడు ఈ పట్నంల ఇంకా పుట్టలే అత్తమ్మా," అంది స్వీటీ, ఆదివారం పొద్దున్నే ఉల్లిగడ్డలు కోస్తూ. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి కాబట్టి ఆ మాటకు రావలసినంత గాంభీర్యం రాలేదు.

"పుట్టకపోతే మానె. ముక్కలు సన్నగ కొయ్యి," అంది సుందరమ్మ.

అట్లాంటి వాళ్ళు చాలామందే పుట్టారని, హెల్మెట్లు పెట్టుకుని తిరుగుతున్నారని మధ్యాహ్నానికల్లా తేలిపోయింది.

అసలు సంగతేమిటంటే, స్వీటీ మొగుడు కృపాకర్ ఒకే ఆదివారానికి రెండు ఫోటో పనులు ఒప్పుకున్నాడు. ఒకటి బహదూర్‌పురాలో బాప్తిస్మం, రెండోది ఊరవతల ట్రాక్ మీద కార్ల క్లబ్బు వాళ్ళ రేసు. రెండూ ఒకే రోజని పళ్ళు తోముకుంటుండగా గుర్తొచ్చింది. నురగ నోటితోనే వంటింట్లోకి వచ్చాడు.

"రేసుకు నువ్వు పో స్వీటీ. కార్లొస్తయి, బటన్ నొక్కుడే. అండ్ల ఏమున్నది?"

"అంత అల్కటి పనైతే నువ్వే పో. బాప్తిస్మం నేను తీస్త."

"పాస్టర్ సాబ్‌కు మాటిచ్చిన. అక్కడ ఫోటోగ్రాఫర్ ఉండాలె కదా!"

ఆ మాట అన్నవాడికి ఏమీ గుచ్చుకోలేదు. విన్నవాళ్ళలో కూడా ఒక్క స్వీటీకే గుచ్చుకుంది. మొఘల్‌పురాలో మామ డానియేలు పెట్టిన ఫోటో స్టూడియోలో ఆమె చేసే పని ఏమిటని అడిగితే జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే దానికి ఎవరూ పేరు పెట్టలేదు. పొద్దున వంట, తర్వాత కింద షట్టర్ ఎత్తడం, వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి "గడ్డం కొంచెం కిందికి, చెవులు కనబడాలె, కదలకండి" అని పాస్‌పోర్టు ఫోటోలు తీయడం, మళ్ళీ పైకెక్కి పప్పు పోపేయడం, మళ్ళీ దిగి పెళ్ళి ఆల్బములు కంప్యూటర్లో కూర్చడం. పాతబస్తీలో సగం మంది పెళ్ళికొడుకుల పొట్టలు ఆమె చేతిలోనే తగ్గాయి. ఏ డాక్టరూ అన్ని తగ్గించి ఉండడు. అయినా ఒకసారి ఒక పెద్దమనిషి ఆమె ముందే స్టూలెక్కి, ఆమె చేతే కాలర్ సరిచేయించుకుని, ఆమె తీసిన ఫోటోల కవరు చేతిలో పట్టుకుని, "అమ్మా, ఫోటోగ్రాఫర్ ఎప్పుడొస్తడు?" అని అడిగాడు. "సాయంత్రం వస్తడు," అంది స్వీటీ. ఆయన సాయంత్రం దాకా కూర్చున్నాడు.

ఇట్లాంటి చిలిపి పనులే ఆమెకు జీతం. కృపాకర్ చిన్నాన్న ఒకాయన, "ఇంట్ల ఊకె కూసునే బదులు స్టూడియోల కూసుంటున్నవ్, మంచిదే బిడ్డా," అని మెచ్చుకుంటే, ఆయన కొడుకు పెళ్ళి ఆల్బములో ఆయన కుడి చేతికి ఆరో వేలు అతికించింది. ఆ ఆల్బము ప్రతి పండుగకీ సోఫా మీద చేతులు మారుతుంది. ఇంతవరకు ఒక్కరూ లెక్కపెట్టలేదు. నవ్వుకుంది కానీ, ఆ నవ్వు అడుగున ఏదో అయోమయంగా కదిలింది. వేలే కనిపించని వాళ్ళకు, అది అతికించిన మనిషి ఎప్పుడు కనిపించాలి?

ప్రతి ఫోటో కింద మూలన 'ఫోటో: కృపాకర్' అని ఉంటుంది. అది టైపు చేసేది కూడా ఆమే. ఒకసారి నా పేరు వేద్దామా అని అడిగితే, "నీది వేరే, నాది వేరేనా?" అన్నాడు. "వేరే కాకపోతే నాదే వెయ్యి," అంది. కృపాకర్ పడీపడీ నవ్వాడు. స్వీటీకి వచ్చిన చిక్కే అది. ఇరవై నాలుగు గంటలూ జోకులేసే మనిషి ఎప్పుడు నిజం మాట్లాడుతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఆమెకే తెలియదు.

అందుకే ఆ ఆదివారం కత్తిపీట పక్కకు జరిపి, నవ్వకుండా చెప్పింది. "పోత. కాని ఫోటోల కింద నా పేరుండాలె."

"సరే తియ్, ఉంటది," అన్నాడు కృపాకర్, బండి తాళాలు వెతుక్కుంటూ.

స్కూటీ మీద ట్రాక్ చేరేసరికి ఆమె దుమ్ముతో చేసిన బొమ్మలా ఉంది. కంచె వెంట ఫోటోగ్రాఫర్లు ఫిరంగుల్లాంటి లెన్సులు పట్టుకుని నిలబడ్డారు. స్వీటీ కూడా వాళ్ళ పక్కన చేరి కెమెరా కంటికి ఆనించింది. మొదటి కారు వచ్చింది. అంటే చప్పుడు వచ్చింది. నొక్కింది. తెర మీద చూస్తే ఖాళీ రోడ్డు, చాలా అందంగా వచ్చింది. రెండోసారి కారు వెనక బంపరు మాత్రం పడింది. మూడోసారి ఎర్ర కారొకటి నేరుగా తన మీదికే వస్తున్నట్టు అనిపించి, ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చింది.

"కదలకండీ!"

కంచె పొడుగునా నవ్వులు. పక్కనున్నాయన జాలిగా, "మేడం, వాళ్ళు ఫీజు కట్టింది కదలడానికే," అన్నాడు.

స్వీటీ కూడా నవ్వింది. చెవులు మాత్రం మండాయి. కెమెరాలో వేగం నంబరు ఎంత పెంచగలదో అంతా పెంచింది. ఇప్పుడు కార్లు దొరికాయి. ఎంత బాగా దొరికాయంటే, ఒక్కటీ పోతున్నట్టు లేదు. ఎర్ర కారు నడిరోడ్డు మీద ఆగి ఉంది, డ్రైవరు లోపలే కూర్చుని ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టుంది. మిగతావాళ్ళేమో కారు వచ్చేటప్పుడు దానితోపాటే నడుము తిప్పుతూ, తిరుగుతూనే నొక్కుతున్నారు. వాళ్ళ కెమెరా తెరల మీదికి తొంగి చూస్తే, కారు స్పష్టంగా ఉంది, వెనకున్న చెట్లూ జనమూ గీతల్లా కరిగిపోయాయి.

స్వీటీ కూడా తిరగబోయింది. ఒళ్ళు తిరగలేదు. నిటారుగా నిలబడు, ఊగకు, చున్నీ సర్దుకో అని విని విని పెరిగిన నడుము అది. కారు ఇటు పోతే కెమెరా అటు పోయింది. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళను నిలబెట్టడమే ఫోటో అనుకుంది. తీసేవాళ్ళు కూడా కదలాలని ఎవరూ చెప్పలేదేమిటి? చెప్పినా, ఆ స్టూడియోలో స్టూలుకీ గోడకీ మధ్య ఎటు కదిలేది? రేసు అయిపోయేదాకా తిరుగుతూనే ఉంది. వచ్చినవన్నీ మసక.

సోమవారం పొయ్యి మీద అన్నం పెట్టి కిందికి దిగి, కంప్యూటర్ ముందు కూర్చుంది. మసకవి పక్కన పెట్టింది. నిలబడ్డ కార్లను జాగ్రత్తగా కత్తిరించి, వెనక చెట్లనూ కంచెనూ గీతలు గీతలుగా సాగదీసింది. పొట్టలు తగ్గించే చేతికి ఇదొక లెక్కా? అన్నం మాడేసరికి ఎర్ర కారు తుపాకీ గుండులా పోతోంది.

కృపాకర్ చూసి నోరు తెరిచాడు. "అబ్బ! ఇవి నువ్వు తీసినవేనా?"

పెళ్ళయ్యాక అతను ఆమెను ఆ ముఖంతో చూడటం అదే మొదటిసారి. నిజం గొంతుదాకా వచ్చి, ఆ ముఖాన్ని చూసి ఆగిపోయింది. "మరి ఎవరు తీసిండ్రనుకున్నవ్?" అంది.

ఆ సాయంత్రం ఫోటోలు క్లబ్బుకి వెళ్ళాయి. కింద 'ఫోటో: కృపాకర్'. ఈసారి తనే టైపు చేసుకున్నాడు. అడిగితే, "క్లబ్బోళ్ళు నన్ను కదా పిలిచింది! వేరే పేరుంటే ఏమనుకుంటరు? చిన్నదానికి లొల్లి చెయ్యకు," అన్నాడు. మామ డానియేలు అప్పటికే వీధంతా తిరిగి, కొడుకు రేసు ఫోటోలు తీశాడని చెప్పి వచ్చాడు.

స్వీటీకి మండిపోవాలి. మండింది కూడా. కానీ మంట సగంలోనే చల్లారి, మళ్ళీ అంటుకుని, ఎటు పోవాలో తెలియక తిరిగింది. దొంగ సొమ్మును ఇంకొకడు ఎత్తుకుపోతే ఏ ఠాణాకి పోయి చెప్పుకోవాలి? నావి అందామా, నిజంగా తీసినవి కావు. నావి కావు అందామా, ప్రతి గీతా తన వేళ్ళతో సాగదీసిందే. రెండు రోజులు పప్పులో ఉప్పు వేసిందో లేదో కూడా తెలియలేదు.

మూడో రోజు అందరూ తింటుండగా ఫోను మోగింది. ఎర్ర కారు నడిపిన వీణ. పొగడ్తలు ఇంటిల్లిపాదీ వినాలని కృపాకర్ స్పీకర్ పెట్టాడు.

"కృపాకర్ గారూ, ఫోటోలు మస్తున్నయి. ఒక్కటే డౌట్. చెట్లన్నీ అంత స్పీడ్‌గ ఉరుకుతున్నయి కదా, మరి నా కారు చక్రాలు ఎందుకు నిలబడ్డయి? లోపలి కడ్డీలు ఒక్కోటి లెక్కపెట్టొచ్చు. నేను పోతున్ననా, చెట్లు పోతున్నయా?"

స్వీటీ చేతిలో ముద్ద ఆగిపోయింది. చక్రాలు! చెట్లను ఉరికించింది, కంచెను ఉరికించింది, చక్రాలను తిప్పడం మరిచిపోయింది. ఆరో వేలు ఎవరూ చూడని ఇంట్లో ఉండి ఉండి, చూసేవాళ్ళు కూడా ఉంటారని మరిచిపోయింది.

"అది... కెమెరా సెట్టింగ్ మేడం," అన్నాడు కృపాకర్.

"నా ఫ్రెండ్స్ అంత నవ్వుతున్నరండీ. నిజం చెప్పండి, ఎవరు తీసిండ్రు ఇవి?"

కృపాకర్ ఏ మాత్రం తడుముకోకుండా, ఎప్పటినుంచో ఆ మాట సిద్ధంగా ఉన్నట్టు చెప్పాడు. "మా స్వీటీ తీసింది మేడం. కొత్త కదా, తెల్వక ఏదో చేసింది."

స్వీటీ అతన్నే చూసింది. నవ్వు రాబోయింది, ఏడుపూ రాబోయింది, ఏది ముందో తేలలేదు. ఇన్నేళ్ళు ఫోటోగ్రాఫరుగా ఆమె పేరు పలకడానికి ఆ నోటికి దొరకని సందు ఇప్పుడు దొరికింది.

"నాకేం తెల్వదు మేడం అని చెప్పు," కోడలితో గుసగుసగా అంది సుందరమ్మ. "గట్లనే వదిలేస్తది."

స్వీటీ ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, ఎడమ చేత్తో ఫోను తన ముందుకి లాక్కుంది.

"మేడం, నేను స్వీటీ. తెల్వక చెయ్యలే, తెలిసే చేసిన. మీ కారు నాకు దొరకలే. నిలబెట్టి తీసి, చెట్లను కంప్యూటర్ల ఉరికించిన. అబద్ధం ఫోటోలు అవి. నిజంగ తీసినవి కూడ ఉన్నయి, అన్నీ మసక మసకనే వచ్చినయి, అవి పంపిస్త. మళ్ళ ట్రాక్ మీద ఎప్పుడు నడిపిస్తరో చెప్పండి, నేనే వస్త."

స్వీటీ ఫోను ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఇంకొకటి మేడం. అండ్ల తప్పులు రెండున్నయి. మీరు చక్రాలొక్కటే పట్టుకున్నరు. కింద మూలకు చూడండి, పేరు కూడ తప్పే."