పెన్నుల పాస్టరు

లెక్కల్లో నా సంగతి ముందే చెప్పేస్తాను, తరవాత ఎవరి నోటనో వినే బాధ మీకు తప్పుతుంది. పదో తరగతి లెక్కల పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. మూడోసారి ఎలా గట్టెక్కానో నాకు తెలియదు, పేపరు దిద్దిన మహానుభావుడికీ తెలిసి ఉండదు. అలాంటి నా చేతి చలవతోనే ఉద్దానం పిల్లలు లెక్కలు పాసవుతున్నారని జనం ఎనిమిదేళ్లు నమ్మారు. వాళ్లు నమ్మితే నమ్మారు, మధ్యలో నేను కూడా నమ్మేశాను. గొడవంతా అక్కడే వచ్చింది.

నన్ను బర్నబా పాస్టరు అంటారు. కాశీబుగ్గ నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, కొబ్బరి తోటల మధ్య మా హెర్మోను పాఠశాల ఉంది. మా మామగారి కాలంలో బాప్టిస్టు సంఘం వాళ్లు చర్చి వరండాలో పలకలతో మొదలుపెట్టిన బడి. ఒక్కో తరగతీ పెరుగుతూ వచ్చి, తొంభై ఎనిమిదికి మొదటి పదో తరగతి బ్యాచి తయారైంది. నేను సంఘానికి పాస్టర్ని, బడికి హెడ్మాస్టర్ని, బంట్రోతు రానిరోజు గంట కొట్టేవాణ్ణి కూడాను. సంఘంలో ఉన్నవి కాసిని కుటుంబాలే. బడినిండా మాత్రం చుట్టుపక్కల రైతుల పిల్లలే. పొద్దున్న అసెంబ్లీలో కళ్లు గట్టిగా మూసుకుని అందరికంటే పైస్థాయిలో "ఆమెన్" అని అరిచేది నుదుటి మీద బొట్టున్న పిల్లలే. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులు చుట్టుకునే తలపాగాలు వాళ్ల తాతలవి. తొంభై తొమ్మిది తుపానుకి బడి రేకులు లేచిపోయి జీడితోటల్లో పడితే, వెతికి మోసుకొచ్చింది ఆ రైతులే. అందులో కొన్ని మా రేకులు కావు. అయినా బిగించేశాం.

ఆ మొదటి బ్యాచిలో అప్పలరాజు అని ఒక కుర్రాడుండేవాడు. కొబ్బరితోట సింహాచలమ్మ కొడుకు. లెక్కల్లో వాడూ నేనూ ఒక తల్లి పిల్లల్లా ఉండేవాళ్లం. పరీక్షలకు బయల్దేరే ముందు అందరికీ ప్రార్థన చేశాను. అంతలో తన పెన్ను రాయడం లేదని వాడు ఏడుపు ముఖంతో నా దగ్గరికొచ్చాడు. నేను దాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టి రుద్ది, విదిలించి, "ప్రభువా, దీంతో రాయించు" అని నా అరచేతిలో గీశాను. రాసింది. వాడు లెక్కలు పాసయ్యాడు.

మా లెక్కల మాస్టారు సూర్యప్రకాష్ ఆ ఏడాదంతా వాణ్ణి తన ఇంట్లోనే పడుకోబెట్టుకుని, తెల్లారకుండానే లేపి, ఎక్కాల దగ్గర్నుంచి నేర్పాడు. అది ఎవరూ చూడలేదు. నేను పెన్ను రుద్దడం మాత్రం ఊరంతా చూసింది.

ఫలితాలొచ్చిన మర్నాడు సింహాచలమ్మ కొబ్బరి గెల ఒకటి మోయించుకుని బడికొచ్చింది. నా కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అయ్యగారూ, మీ సేతిలో ఏటో ఉన్నాది. నేకపోతే మా గుంటడికి లెక్కలు రావడవేటి బాబూ!"

పక్కనే సూర్యప్రకాష్ నిలబడి ఉన్నాడు. "నా చెయ్యి కాదమ్మా, ఈయన చెయ్యి" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఆకాశం వైపు చూసి, "అంతా ప్రభువు కృప" అన్నాను. మాట మంచిదే. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మరుసటి ఏడాది పదో తరగతి పిల్లలందరూ పెన్నులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ తరవాతి ఏడాది సర్కారు బడి పిల్లలు కూడా వచ్చారు. పరీక్షల ముందు శుక్రవారం "పెన్నుల ప్రార్థన" అని బోర్డు మీద రాసి పెట్టడమే మొదలైంది. పెన్నుల మీద కుంకుమ ఉండేది. కొన్నింటికి పసుపు దారం కట్టి ఉండేది. నేను చూడనట్టు ఊరుకునేవాణ్ణి. సింహాచలమ్మ దాపరికం లేని మనిషి. పెద్దకూతురి కూతురి పెన్ను తెచ్చిన ఏడాది, "ముందు మా సింహాద్రి అప్పన్నకి సూపించీసినాం అయ్యగారూ, మీరూ ఓపాలి సెయ్యేసీసినారంటే ఇంక ఏ బెంగా ఉండదు" అని అందరి ముందూ చెప్పేసింది. కాశీబుగ్గలో మాకు పోటీగా బడి నడిపే ఈశ్వరరావు ఒకసారి వాళ్లమ్మాయి జామెట్రీ బాక్సు భార్య చేత పంపించాడు. ఆవిడ దాన్ని కొంగు కింద దాచుకుని వచ్చింది. ఆ రోజు నేను మామూలు కంటే గట్టిగా ప్రార్థించాను.

తప్పినవాళ్లు ప్రతి ఏడూ ఉండేవారు. అందుకు కారణాలు జనమే వెతికిపెట్టేవారు. "మజ్జిలో రీఫిల్ మార్చీసినాడట, మరింక ప్రార్థన ఎక్కడుంటాది?" అని కొందరు. "రీఫిల్‌కేటి సంబంధం, ప్రార్థన పెన్నుకి కదా" అని కొందరు. టీ కొట్టు దగ్గర రెండు వర్గాలై, చివరికి తీర్పు కోసం నా దగ్గరికే వచ్చారు. నేను గడ్డం నిమురుకుని, "ఎందుకొచ్చిన గొడవ, మార్చకుండా ఉంటే మంచిది" అన్నాను. నాకు దైవశాస్త్రం నేర్పిన గురువులు వినలేదు కాబట్టి బతికిపోయాను.

ఇక నా వేషాలు చెబుతాను. ఆ శుక్రవారం కోసం తెల్ల జుబ్బా ఒకటి కుట్టించుకున్నాను. పెన్ను మీద చెయ్యి పెట్టే ముందు కాసేపు ఆగి, గాలి పీల్చడం అలవాటు చేసుకున్నాను. మా ఆవిడ మగ్దలీన అదే బడిలో తెలుగు టీచరు. ఒకసారి నా జుబ్బా ఇస్త్రీ చేస్తూ, "ఈ సేతికి ఇన్సూరెన్సేటైనా సేయిద్దావా?" అంది. నేను నవ్వలేదు. నిజంగానే కుడిచేత్తో బరువులెత్తడం మానేసి ఉన్నాను అప్పటికి.

రెండువేల ఆరులో మా షైని పదో తరగతికొచ్చింది. మా ఒక్కగానొక్క కూతురు. ముక్కు తల్లిది, లెక్కలు నావి. టెక్కలిలో ఇంటర్ చదివి నర్సు కావాలని దానికి కోరిక. అందుకు ముందు పది గట్టెక్కాలి.

"పాపకి లెక్కలు కష్టంగా ఉన్నాయి అయ్యగారూ," అన్నాడు సూర్యప్రకాష్. "సాయంత్రాలు నా దగ్గరకు పంపండి."

పంపుతానన్నాను. కానీ సాయంత్రాలు దానికి పాటల ప్రాక్టీసు ఉండేది. పరీక్షల నెల వచ్చేసరికి పెన్నుల పని కూడా వచ్చిపడింది. పెన్నులన్నీ కలిసిపోకుండా ఒక్కోదానికీ పేరు చీటీ దారంతో కట్టేది షైనియే. తోటి పిల్లలు లెక్కలు చేసుకుంటూ ఉంటే నా కూతురు వాళ్ల పెన్నులకు చీటీలు కట్టింది. అది నాకు సేవలా కనిపించింది గానీ పిల్ల చదువు పోతోందని తట్టలేదు.

నా బెంగ వేరే. పాస్టరు కూతురే లెక్కల్లో తప్పితే ఈ చెయ్యి ఏమైపోను? అందుకని ఆ శుక్రవారం అందరికంటే ముందు షైని పెన్నే తీసుకుని, నలుగురికీ చూపించి, గట్టిగా ప్రార్థన చేయాలనుకున్నాను. చర్చి కిటకిటలాడుతోంది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద పెన్నులు. అటూ ఇటూ వెతికాను.

"షైనీ, నీ పెన్నేదమ్మా?"

"తేలేదు డాడీ."

"ఇంటికెళ్లి తీసుకురా. ఆగుతాం."

"వద్దు డాడీ. మీరు కానివ్వండి."

చర్చంతా గుసగుసలాడింది. ఆ రోజు ప్రార్థనలో ఏం అన్నానో నాకే గుర్తులేదు. ఇంటికొచ్చి చెడామడా తిట్టాను. నలుగురిలో తల తీసేశావన్నాను, ఊరందరికీ ఉన్న నమ్మకం కన్నకూతురికి లేదన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. షైని తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చుంది. మగ్దలీన నా వైపు ఒక చూపు చూసి కంచం తీసుకుని లోపలికి పోయింది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. కాశీబుగ్గలో ఇంటర్నెట్ సెంటరు దగ్గర అంతమంది మధ్య నిలబడి చూశాను. షైని లెక్కలు తప్పింది. మిగతావన్నీ మంచి మార్కులే. సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వస్తున్నంతసేపూ జనం ఏమంటారో అన్నదే ఆలోచన. పిల్ల ఎంత ఏడుస్తోందో అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

నేను చేరేసరికే సింహాచలమ్మ మా గుమ్మంలో ఉంది.

"ఓలమ్మా, ఎంత పనైపోనాది! పిల్ల ఆ రోజు పెన్ను ఎట్టనేదు కదా అయ్యగారూ, అందికే ఇలగైనాది. మీ సెయ్యి పడుంటే ఇలగవునేటి?"

సాయంత్రానికి ఊరంతా అదే మాట. కన్నకూతురైనా సరే, పెన్ను పెట్టకపోతే తప్పాల్సిందేనట. నా పేరు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. సిగ్గులేని మాట చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే లోపలికి వెళ్లి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న పిల్లకు నీతి చెప్పబోయాను.

"విన్నావా ఊళ్లో ఏమంటున్నారో? ఆ రోజు పెన్ను పెట్టి ఉంటే..."

షైని లేచి కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. మామూలుగా నన్ను డాడీ అంటుంది, బాగా బెంగపడితేనే చిన్నప్పటి పిలుపు వస్తుంది.

"తప్పుతానని నాకు ముందే తెల్సు నానా. పెన్ను ఎట్టి తప్పితే మిమ్మల్నేటంటారు? ఎట్టకుండా తప్పితే నన్నే అంటారు. అదే అన్నారు కదా, ఇంకేటి?"

గడప మీద కూర్చుండిపోయాను. నా పరువు కోసం నా కూతురు ఊరందరి ముందూ గుసగుసలు పడి, ఇంటికొచ్చి నా చేత తిట్లు తిని, నోరెత్తకుండా పరీక్ష రాసొచ్చింది. పదిహేనేళ్ల పిల్ల! వంటింట్లోంచి మగ్దలీన గిన్నె ఒకటి ఠంగుమని కింద పెట్టింది. అది నాకేనని తెలిసింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు తల్లిదండ్రుల మీటింగులో నిజం చెప్పేద్దామని లేచాను. నా చేతిలో ఏమీ లేదు, పదో తరగతి లెక్కలు నేనే రెండుసార్లు తప్పాను, మీ పిల్లల్ని పాస్ చేయించింది ఈ సూర్యప్రకాష్ మాస్టారు అన్నాను. సింహాచలమ్మ లేచి రెండు చేతులూ జోడించింది.

"సూసినారా! రెండుపాల్లు తప్పినాయన సేతికి ఇంత మహిమొచ్చినాదంటే, అది దేవుడిచ్చింది కాకపోతే మరేటి!"

జనం చప్పట్లు కొట్టారు. సూర్యప్రకాష్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ బయటికి వెళ్లిపోయాడు. నేను చేసేదేం లేక కూర్చున్నాను.

జనం సంగతి నా వల్ల కాలేదు గానీ, ఇంట్లో సంగతి చూసుకున్నాను. అప్పటికే ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి షైనిని రోజూ సూర్యప్రకాష్ ఇంటికి తీసుకెళ్తున్నాను. పిల్లని దింపి వచ్చేయకుండా నేను కూడా చాప మీద పక్కనే కూర్చునేవాణ్ణి. ఆయన లెక్క చెప్పి "అర్థమైందా?" అంటే షైని నా వైపు చూసేది, నేను షైని వైపు చూసేవాణ్ణి. మొదట్లో ఇద్దరం కలిసి తప్పేవాళ్లం. కొన్నాళ్లకు అది ఒడ్డెక్కింది, నేను అక్కడే ఉన్నాను. "అయ్యగారూ, మీరు కాస్త పక్కకి జరగండి, పిల్లకి అడ్డొస్తున్నారు," అన్నాడు సూర్యప్రకాష్.

సప్లిమెంటరీలో షైని పాసైంది. ఆ మాట ముందే చెప్పేస్తే మీరు కంగారు పడకుండా ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఆ పరీక్ష రోజు పొద్దుటి సంగతి.

సెంటరు టెక్కలిలో పడింది. బస్సు దిగి గేటు దగ్గరికి నడిచాం. అక్కడ ఎవరి పిల్లలతో వాళ్లు ఉన్నారు, మమ్మల్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. షైని చుట్టూ చూసుకుని, పరీక్ష అట్ట కింద నుంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"ఇక్కడ మనోళ్లు ఎవులూ నేరు నానా. ఇప్పుడు సెయ్యెట్టండి."

పెన్నుని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. నా ప్రార్థన పొడుగు గురించి మా సంఘంలో వేళాకోళాలున్నాయి. నేను మొదలుపెట్టాక ఇంటికెళ్లి ఎసరు పెట్టి, అన్నం వార్చుకుని రావచ్చంటారు ఆడవాళ్లు. ఆ రోజు "ప్రభువా, నా బిడ్డ" వరకూ వచ్చింది. ఊళ్లో పిల్లలందరి పేర్లూ గడగడా చదివేసిన నోరు నా పిల్ల దగ్గర ఆగిపోయింది. నడిరోడ్డు మీద, తెల్ల జుబ్బాలో, అంతమంది తల్లిదండ్రులు చూస్తుండగా ఏడ్చేశాను.

షైని నా చేతులు విడదీసి పెన్ను తీసుకుని, చున్నీతో నా ముఖం తుడిచింది.

"సాలు నానా, గేటేసెత్తారు. ఇది రాత్తాదో నేదో సూసినారా?"

చూడలేదని తల అడ్డంగా ఊపాను. తనే నా కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో ఒక గీత గీసి చూసుకుని, లోపలికి వెళ్లింది.