ప్రెండిస్ సారు లేని సినిమాలు

1992లో కడప నుంచి వచ్చిన కాశమ్మ మస్కట్‌లోని ఖురం పేటలో ఒక అమెరికా వాళ్లింట్లో పనికి కుదిరింది. మేడం తండ్రి ప్రెండిస్ ఒకప్పుడు నలభై సినిమాల్లో వేషాలు వేశాడు. హీరో పక్కన గుర్రమెక్కేవాడు, హీరోకంటే ముందే తూటా తగిలి పడిపోయేవాడు. చూపు పోయాక కూతురు మస్కట్‌కు తెచ్చుకుంది. తండ్రి చావును అన్నిసార్లు చూడలేనని ఆమె ఆ సినిమాల జోలికి వచ్చేది కాదు.

ఆమె ఆఫీసుకు వెళ్లగానే ముసలాయన కాశమ్మ చేత ఆ సినిమాల వీడియో క్యాసెట్ ఒకటి పెట్టించుకునేవాడు.

"ఇప్పుడు నేనేం చేస్తున్నాను, కాశమ్మా?"

"గుర్రం దిగుతాండారు సార్. టోపీ తీసినారు," అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం తెరమీదికి గుర్రం ఒక్కటే వచ్చింది. జీను మీద ఎవరూ లేరు. గొంతు మాత్రం ఆయనదే. హీరో నవ్వుతూ ఉత్త గాలిని భుజం తట్టాడు.

కాశమ్మ టీవీకి దగ్గరగా జరిగి చూసింది.

"ఏం చేస్తున్నాను?"

"దిగుతాండారు సార్."

వారం తిరిగేసరికి అన్ని క్యాసెట్లలోనూ అంతే. డ్రైవర్ ఖమరుద్దీన్‌దీ కడపే. అతన్ని పిలిచి చూపించింది.

"ఆ మనిషి ఖాళీ కుర్చీతో మాట్లాడతాండాడేంది?" అన్నాడతను.

"ఆ కుర్చీలో మన సారు ఉండల్ల అన్నా."

ఖమరుద్దీన్ దువా చదువుకుంటూ బయటికి పోయాడు. మళ్లీ ఆ హాల్లో అడుగుపెట్టలేదు. కాశమ్మ మాత్రం గుర్తున్నదంతా చెబుతూనే వచ్చింది.

రెండు నెలలకు గొంతు కూడా పోయింది. హీరో ఏదో అడిగాడు. జవాబు లేదు. ఏసీ హోరు ఒక్కటే వినిపిస్తోంది.

"నేనేమన్నాను, కాశమ్మా?"

"'నువ్వు పో, నేనీడనే ఉంటా' అన్నారు సార్."

"నేనున్నానా అక్కడ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "లేరు సార్. ఎండాకాలం నుంచీ లేరు."



"సరే. నువ్వు చెప్పు. చివరిదాకా చెప్పు."

"తూటా తగిలింది సార్. ఇసకలో పడిపోయినారు. మీ ఫ్రెండు మోకాళ్ల మీద కూలబడినాడు."

తెరమీద ఆ ఫ్రెండు ఖాళీ ఇసుకను ఒళ్లోకి తీసుకుని ఏడుస్తున్నాడు.

ఆ తర్వాత ప్రెండిస్ పదకొండు రోజులు బతికాడు. రోజుకొక సినిమా చెప్పించుకున్నాడు. టీవీ మాత్రం పెట్టనివ్వలేదు.