వంగొద్దన్న వారం

నాకు అక్షరాలు వయసు మళ్ళాక వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, పేజీ నింపడానికి రెండు పూటలు పడుతుంది. కాస్త ఓపిక పట్టి చదవండి. ఇది మా పక్కింటి భానుప్రియ సంగతి.

వెన్ను ఆపరేషన్ అయినా ఆమె ఎడమకాల్లో మంట ఆగలేదు. కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. నడుము నొప్పి లేని ఆడది ఎవరని అత్త దెప్పేది. చివరికి తిరుపతిలో డాక్టరమ్మ వెన్నులోకి సన్నని తీగలు పంపి, వాటి చివర ఒక చిన్న పెట్టె నడుముకు కట్టింది. అది నరానికి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంది. వారం చూసి, గుణం కనిపిస్తే లోపలే అమరుస్తారు, లేకుంటే తీసేస్తారు. అంతవరకు వంగకూడదని మొగుడికీ పెళ్ళానికీ కలిపే చెప్పింది.

పలమనేరులో ఇంటికి వచ్చాక, మంట ఉన్నచోట సన్నని చిమచిమ తప్ప ఏమీ లేదు. ఏళ్ళ తర్వాత భానుప్రియ మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. లేచాక మాత్రం మనసు కుదురుగా లేదు. నొప్పి ఉన్నప్పుడు సాకు అన్నవాళ్ళు, తగ్గిందంటే ఏమంటారు? చెప్పాలా వద్దా అని ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరిగింది. మొగుడు మునికుమార్ అడిగేసరికి నోరు జారింది. మర్నాడే అత్త పాలచెంబు తెచ్చింది.

"నొప్పి లేదంటివి కదమ్మే. ఆ ఆవు నిన్ను తప్ప ఎవుర్నీ తాకనీదు. ఈ ఒక్క పూటే."

ఒక పూట రెండు పూటలైంది. పొదుగు కిందికి వంగినప్పుడు వీపులో ఏదో జారినట్టయింది. చిమచిమ ఆగింది. మంట తిరిగొచ్చింది.

వారం ముగిశాక తిరుపతి వెళితే, ఎలా ఉందమ్మా అని డాక్టరమ్మ అడిగింది భానుప్రియను. జవాబు చెప్పింది మునికుమార్.

"మొదట్లో బాగానే ఉన్నింది మేడమ్. మళ్ళా మామూలే. తీసేయండి."

నర్సు వచ్చి వీపు మీది ప్లాస్టరు అంచు లేపింది. ఈ తీగలు పోతే మళ్ళీ రావు. భానుప్రియ వెనక్కి చెయ్యి పెట్టి నర్సు వేళ్ళు పట్టుకుంది.

"తీయొద్దు. మీరు వంగొద్దన్నారు, వీళ్ళు నన్ను ఆవు కింద కూర్చోబెట్టినారు. అప్పుడే ఆగిపోయింది మేడమ్."

ఎక్స్‌రే తీస్తే తీగ జరిగే ఉంది. మొదట గుణం కనిపించింది కాబట్టి సరిచేసి లోపల అమర్చవచ్చు, కానీ ఆ తర్వాత కూడా కొన్ని వారాలు వంగకూడదంది డాక్టరమ్మ.

"అన్నాళ్ళు ఆవును ఎవురు పిండేది?" అని అడిగాడు మునికుమార్, పెళ్ళాన్ని కాదు, డాక్టరమ్మను.

భానుప్రియ కూడా డాక్టరమ్మతోనే అంది.

"మా ఆయన పిండుకుంటాడు, లేదంటే అమ్ముకుంటాడు. సంతకం యాడ పెట్టాలో నాకు చూపించండి."

జ్ఞానాంబ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది పలమనేరులో, భానుప్రియ పక్కింట్లో.