కర్నల్‌గారి కుడిపక్క

నేను ఒక ఇత్తడి పట్టీని. మిలటరీ అధికారుల కోటు మీద రంగురంగుల రిబ్బన్లతో పతకాలు వేలాడుతుంటాయి, చూసే ఉంటారు. వాటి వెనక గుడ్డకు అంటుకుని, ఒక పొడుగాటి పిన్నుతో ఆ బరువంతా మోసేది నేను. ఫోటోలో నేను పడను. ఎవరైనా పతకాలను మెచ్చుకుంటుంటే మొదట్లో కాస్త ఉడుక్కునేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

నేను పుట్టింది సికింద్రాబాదులో, రెజిమెంటల్ బజారు పక్క సందులో ఉన్న యాదగిరి దుకాణంలో. యాదగిరి మిలటరీవాళ్ళకు బిళ్ళలు, రిబ్బన్లు, భుజం మీది నక్షత్రాలు కుట్టి ఇచ్చేవాడు. ఒకరోజు మేజర్ గేదెల చక్రధర్ అనే ఆయన వచ్చి చిన్న వెల్వెట్ పెట్టె బల్ల మీద పెట్టాడు. అందులో కొత్త శౌర్య పతకం ఉంది. దాన్ని, ఆయన పాత సర్వీసు పతకాలను వరసగా కూర్చి నాకు కట్టాడు యాదగిరి.

"పిన్ను గట్టిగ పెట్టిన సార్. చూసుకోండ్రి," అన్నాడు.

మేజర్ బొటనవేలితో నా మొన తడిమి చూశాడు. వేలి మీద ఎర్రగా చుక్క లేచింది.

"అయ్యో, గుచ్చుకున్నది సార్."

"ఎక్కడ?" అన్నాడాయన.

మంచుకొండల మీద చేసిన యుద్ధంలో ఆయన వేళ్ళ చివర్లు చచ్చుబడిపోయాయి. సూది గుచ్చినా, వేడి గ్లాసు పట్టుకున్నా తెలిసేది కాదు. ఆయన ఆ వేలికేసి, పక్కవాడి వేలిని చూసినట్టు చూసి, కోటుకు తుడుచుకున్నాడు. ఆ మచ్చ ఆ కోటుకు చాలాకాలం ఉండిపోయింది.

ఆయన భార్య సునందగారు విశాఖపట్నంలో లెక్కల టీచరుగా చేసి, పెళ్ళయ్యాక ఊరూరా కంటోన్మెంట్ బడుల్లో పాఠాలు చెప్పుకుంటూ వచ్చింది. మొదటిసారి ఆయన నన్ను పెట్టుకోబోతే మళ్ళీ రక్తం వచ్చింది. ఆమె కొంగుతో ఆ వేలిని అదిమిపట్టి, "ఇకనుంచి నేనే పెడతాను, మీరు కదలకుండా నిలబడండి చాలు," అంది. అప్పట్నుంచి పరేడ్లకు, విందులకు నన్ను గుచ్చేది ఆమే. నాకు చిలుం పడితే చింతపండుతో తోమేది కూడా ఆమే.

పతకం వచ్చాక మనుషులు ఆయన ముఖం చూడటం తగ్గించారు. ముందు ఛాతీ చూసి, తర్వాత ముఖానికి నమస్కారం పెట్టేవాళ్ళు. బంధువుల పెళ్ళిళ్ళకు నన్ను తగిలించుకుని రమ్మని కబురు పెట్టేవాళ్ళు, పెళ్ళికొడుకు పక్కన నిలబడితే ఫోటో నిండుగా ఉంటుందని. ఆయన వెళ్ళేవాడు, నిలబడేవాడు. చప్పట్లు కొడుతుంటే గుండె కాస్తయినా వేగంగా కొట్టుకుంటుందేమోనని నేను చెవి పెట్టి వినేదాన్ని, నా చోటు దానిమీదే కదా. ఎప్పుడూ ఒకే తీరు. నిద్రపోతున్నవాడి గుండెలా ఉండేది.

అలా ఎందుకుండేదో నాకు పలాసలో తెలిసింది. పతకం వచ్చిన ఏడాదే ఆయన నన్ను పెట్టెలో పెట్టుకుని అక్కడికి వెళ్ళాడు. నాయక్ తవిటయ్య అనే తన జవాను తల్లి గున్నమ్మ అక్కడ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసేది. ఇద్దరూ షెడ్డు బయట పిక్కల బస్తా మీద కూర్చున్నారు. ఆయన తలవంచుకుని జరిగింది చెప్పాడు.

కొండ వాలులో తవిటయ్య, ఇంకో కుర్ర జవాను దెబ్బలు తిని పడి ఉన్నారు. మేజర్ పాక్కుంటూ వాళ్ళ దగ్గరికి చేరాడు. మోయగలిగింది ఒక్కణ్ణే. కుర్రాడికి స్పృహ లేదు. తవిటయ్యకు ఉంది. "ఆణ్ణి ఎత్తుకెళ్ళండి సాబ్, నాను కాస్తాను," అని తుపాకి శత్రువుల వైపు తిప్పాడు. మేజర్ కుర్రాణ్ణి భుజాన వేసుకుని కిందికి దిగేదాకా పైనుంచి తుపాకి మోగుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. కిందనున్నవాళ్ళకు కనిపించింది మేజర్ ఒక్కడే, భుజం మీద మనిషితో దిగి వస్తూ. తవిటయ్యను చూసినవాడు మేజర్ తప్ప ఇంకొకడు లేడు. ఆయన తవిటయ్యకు కూడా పతకం ఇవ్వాలని రాశాడు. చూసిన రెండో మనిషి సాక్ష్యం కావాలన్నారు. రెండో మనిషి లేడు.

"ఇది వాడిదమ్మా. నువ్వు ఉంచుకో," అని పెట్టె ఆమె ఒళ్ళో పెట్టాడు.

గున్నమ్మ పెట్టె తెరిచింది. జీడి నూనెకు ఆమె వేళ్ళు నల్లగా కాలి, చివర్లు తోలులా గట్టిపడి ఉన్నాయి. పతకం మీద చెయ్యి పెట్టకుండానే మూసేసింది.

"ఇది నీకిచ్చింది బాబూ. నీ పేరుంటాది దీనిమీద. మావోడిది ఏదేనా ఉంటే ఇయ్యి, ఉంచుకుంతాను."

ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"మావోడు పోయినప్పుడు ఎవులు సూసినారు?" అని అడిగింది ఆమె.

"నేను చూశాను."

"మరి నలుగురికీ నువ్వే సెప్పాల బాబూ. ఆడు ఉత్తినే పడిపోనాడని మా ఊళ్ళో అంతన్నారు."

ఆ మాట ఆయనకు తగిలింది. తగిలిందని నాకు తెలుసు, ఎందుకంటే రైలెక్కేదాకా పెట్టెను ఆయన నొక్కిపట్టిన పట్టుకు మూత మీద సొట్ట పడింది. అప్పట్నుంచి ఆయన ప్రతి విందులో, ప్రతి సభలో తవిటయ్య పేరు చెబుతూనే వచ్చాడు. విన్నవాళ్ళు, "మీ మంచితనం సార్, మీ గొప్ప జవానుకు ఇస్తున్నారు," అని ఆయన్నే ఇంకోసారి మెచ్చుకునేవాళ్ళు. ఆయన ఎంత చెబితే ఆయన పేరే అంత పెరిగింది. మేజరు లెఫ్టినెంట్ కర్నలయ్యాడు, కర్నలయ్యాడు, ఆ పటాలానికే అధిపతి అయ్యాడు. నా మీద ఇంకో రెండు పతకాలు చేరి నేను మరింత బరువెక్కాను. గుండె మాత్రం అదే తీరు.

పటాలం పుట్టినరోజు పండగకు ఏటా అమరుల కుటుంబాలను పిలుస్తారు. పతకాలు వచ్చినవాళ్ళ తల్లులు, భార్యలు ముందు వరసలో కూర్చుంటారు. గున్నమ్మ చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చునేది. కర్నల్‌గారు రిటైరైన ఏడు ఆమె ఆయన్ని అడిగింది: "ముందు కూకున్నోలు బిళ్ళలు అటేపు ఎట్టుకున్నారేటి బాబూ? నీకు ఇటేపు ఉంది."

"పతకం వచ్చినవాడు బతికుంటే ఎడమపక్క పెట్టుకుంటాడమ్మా. చచ్చిపోయినవాడిదైతే వాడి మనిషి ఎవరైనా కుడిపక్క పెట్టుకుంటారు. చూడగానే తెలుస్తుంది, అది పోయినవాడిదని."

"ఓహో," అంది గున్నమ్మ. అంతే.

మరుసటి ఏడు పండగకు వెళ్ళి దిగిన గెస్ట్‌హౌస్ గదిలో ఆయన సునందగారిని పిలవలేదు. మిగతా పతకాలన్నీ నా నుంచి విప్పి సొరుగులో పడేశాడు. శౌర్య పతకం ఒక్కటే ఉంచి, నన్ను తనే గుచ్చుకున్నాడు. రెండుసార్లు వేలిలో దిగాను. ఆయనకు తెలియలేదు. కారులో సునందగారు చూసి, "అది కుడిపక్క పెట్టుకున్నారు," అంది.

"తెలుసు," అన్నాడు.

ఆమె రుమాలు తీసి వేలికి చుట్టింది.

ఆయన తన కుర్చీలో కూర్చోలేదు. చివరి వరసకు వెళ్ళి గున్నమ్మ పక్కన కూర్చున్నాడు. ముందు వరసలో తలలు ఒకటొకటిగా వెనక్కి తిరిగాయి. ఒక పెద్ద జనరల్‌గారు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "చక్రధర్, పొరపాటున అటు పెట్టావు," అన్నాడు మెల్లగా.

"లేదు సార్. ఇది తవిటయ్యది. ఆయన తల్లి ఈవిడ."

జనరల్‌గారు గున్నమ్మకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అన్నేళ్ళు సభల్లో చెప్పినా చెవికెక్కని మాట ఆ రోజు ఎక్కింది. ఇన్నాళ్ళూ గొప్ప మనసు అన్నవాళ్ళు ఆ రోజు ఏ మాటా అనలేదు. గున్నమ్మ పతకాన్ని చాలాసేపు చూసింది.

"తిన్నావా బాబూ?" అంది చివరికి.

కుడిపక్క నాకు గుండె చప్పుడు వినబడలేదు. అది లోటుగా అనిపించింది, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం నేను అటే ఉన్నాను.

కర్నల్‌గారు నిద్రలోనే పోయారు. తుపాకులు పేల్చి గౌరవం చేశారు. సునందగారు ఏడవలేదు. ఎంత ధైర్యం అని అందరూ మెచ్చుకున్నారు. ధైర్యం కాదు, చెల్లెలితో ఆమె అన్న మాట నేను విన్నాను: "నాకేమీ తెలియడం లేదే. ఆయన వేళ్ళలాగే అయిపోయాను."

ఆయన కోటును, నన్ను పటాలం మ్యూజియానికి ఇచ్చేసింది. అక్కడ తల, కాళ్ళు లేని ఒక గుడ్డబొమ్మకు కోటు తొడిగారు. మ్యూజియం చూసుకునే హవల్దారు తెలుగువాడే, రూలు అంగుళం తప్పని మనిషి. గోడకున్న చార్టు చూసి నన్ను శుభ్రంగా ఎడమపక్క గుచ్చాడు. లోపల దూది. ఏ చప్పుడూ లేదు.

మ్యూజియం తెరిచే రోజు సునందగారు వచ్చింది. గున్నమ్మ కూడా పలాస నుంచి రైలెక్కి వచ్చింది, బాగా ముసలిదైపోయింది. అద్దాల తలుపు ఇంకా బిగించలేదు. గున్నమ్మ దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"ఇటు కాదు బాబూ. అటేపు."

"రూలు ఎడమపక్కేనమ్మా," అన్నాడు హవల్దారు.

"రూలు ఆయనకి తెల్దా? తెలిసే అటేపు ఎట్టుకున్నాడు. అది మావోడిది."

హవల్దారు సునందగారి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. గున్నమ్మ ఆగలేదు, తనే చెయ్యి పెట్టి నన్ను లాగింది. నా పిన్ను పట్టు వదలదని యాదగిరి చెప్పనే చెప్పాడు. గట్టిగా లాగేసరికి మొన ఆమె వేలిలోకి దిగింది. ఆమె గమనించలేదు. నన్ను కుడిపక్కకు తెచ్చి, వంకరగా, కానీ గట్టిగా గుచ్చింది. కోటు మీద ఎర్రటి మచ్చ పడింది.

"అమ్మా, గుచ్చుకుంది," అంది సునందగారు.

"ఎక్కడ?" అంది గున్నమ్మ, చేతులు రెండూ తిప్పి చూసుకుంటూ.

సునందగారు ఆ నల్లటి వేలిని పట్టుకుని కొంగుతో అదిమింది. రక్తం ఆగిపోయాక కూడా వదల్లేదు. అలా పట్టుకునే, అక్కడే, ఆ బొమ్మ ముందు నేల మీద కూలబడి ఏడ్చింది.