చెయ్యెత్తితే ఆపమని

మట్టయ్య చచ్చిపోయాక అతను ఎవరి మనిషో చెప్పే నాథుడు లేకుండా పోయాడు.

ట్రెజరీ కిటికీలో కూర్చున్నాయన సైదమ్మ ఇచ్చిన కాగితాలు అటూ ఇటూ తిప్పి, మీ ఆయన సర్కారు ఉద్యోగి కాదు, కంపెనీ మనిషి, ఎల్బీనగర్ వెళ్ళి అడుగు అన్నాడు. ఎల్బీనగర్‌లో కంపెనీ ఆఫీసువాళ్ళు, మీ ఆయన నౌకరీలో చేరింది సర్కారులో కదా, పెన్షన్ ఇవ్వాల్సింది సర్కారే అని వెనక్కి పంపారు. ఆమె మళ్ళీ వచ్చి నిలబడేసరికి కిటికీలో ఆయనకు చిరాకెత్తింది.

"చదువు రాకపోయినా చెవులున్నయి గదమ్మా. చెప్పింది ఇనబడుతలేదా?" అన్నాడు.

వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఒక్కరైనా అదేం మాటయ్యా అనలేదు. అందరికీ అదే కిటికీతో పని మరి. సైదమ్మ కాగితాలు సంచిలో పెట్టుకొని, మెట్లు దిగి, బస్టాపులో కూర్చుని ఏడ్చింది.

మట్టయ్య నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ప్రభుత్వ బోర్ల డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. ఎండిన ఊళ్ళన్నీ తిరిగి బోర్లు వేశాడు. ఆ పని అతని చెవులు తీసుకుంది, రాతి దుమ్ము రొమ్ములో పేరుకుంది. నడుమ ఒకనాడు సర్కారు డిపార్ట్‌మెంట్‌ను కంపెనీగా మార్చింది. యార్డు అదే, బోరు బండ్లు అవే, వాటాలన్నీ సర్కారువే. గేటు మీద బోర్డు ఒక్కటే మారింది. మీ పెన్షన్‌కేం ఢోకా లేదని మంత్రి మైకులో చెప్పి పోయాడు. చాలా ఏళ్ళు కంపెనీ ఇచ్చింది కూడా. నిరుడు మాత్రం నిధి ఎండిపోయిందని చేతులు దులుపుకుంది. ఊళ్ళకు నీళ్ళు తీసిన కంపెనీకి తన నిధిలో తడి లేదట. బతికున్న రిటైర్డ్ కార్మికులకు దయ తలచి సగం ఇస్తున్నారు. పోయినవాళ్ళ భార్యలకు ఏమీ లేదు. వానాకాలంలో మట్టయ్య దగ్గి దగ్గి పోయాడు. కర్మన్‌ఘాట్‌లో కిరాయి గది, మోకాళ్ళ నొప్పులు సైదమ్మకు మిగిలాయి.

గది నిలబెట్టుకోవడానికి ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో చపాతీలు చేయడానికి కుదిరింది. ఆ పిల్లలంతా సర్కారు కొలువుల కోసం కోచింగుల చుట్టూ తిరిగేవాళ్ళే. సింధూర అనే పిల్ల ఒకరోజు పీట దగ్గర కూర్చుని, ఒక్క సర్కారు నౌకరీ కొడితే ఇక జీవితానికి పరేషాన్ ఉండదు కదా అమ్మమ్మా అంది. సైదమ్మ పిండి ముద్ద గట్టిగా నొక్కింది. ఆ పిల్ల మీద ఆమెకు చెప్పలేనంత జాలి కలిగింది.

చివరికి భిక్షపతి వచ్చి ఆమెను కంపెనీ ఎండీ దగ్గరికి తీసుకుపోయాడు. భిక్షపతి మట్టయ్యతో కలిసి ఒకే బండి మీద పనిచేసినవాడు, రిటైరైనవాళ్ళ సంఘానికి పెద్ద. అతనికీ చెవులు సరిగా వినబడవు కాబట్టి పక్కన ఇంజను నడుస్తున్నట్టే మాట్లాడతాడు. విజయదుర్గ కూడా వచ్చింది. ఆమె భర్త రామారావు ఆ డిపార్ట్‌మెంట్‌లోనే లెక్కల గుమస్తా. కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డ కుటుంబం. ఆయనా పోయాడు, ఆమెదీ ఇదే గతి.

ఎండీ మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, నీళ్ళు తెప్పించాడు. ఆ తర్వాత గోడ మీద ఫొటో చూపించాడు. కంపెనీ పెట్టిన రోజున యార్డులో తీసింది. వేదిక మీద మంత్రి, కుర్చీల్లో గుమస్తాలు, వాళ్ళ వెనక ఖాకీ చొక్కాల బోరు పనివాళ్ళు. ఖాకీ చొక్కాల చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి.

"కంపెనీలోకి పోవడం ఇష్టమేనా అని మంత్రిగారు అడిగితే ఇలా చేతులెత్తారు. ఒక్కరు కూడా వద్దనలేదు. ఇష్టపడి వెళ్ళినవాళ్ళకు సర్కారు పెన్షన్ ఎందుకిస్తుందమ్మా?"

ఆ చేతుల మధ్య మట్టయ్య ఉన్నాడు. నల్ల మీసం, నిండు రొమ్ము, అరుస్తున్నట్టు తెరిచిన నోరు. పోయేనాటికి ఎముకల గూడయిన మనిషిని అంత నిండుగా చూసి సైదమ్మ గుండె చెరువైంది. ఈయన ముందు ఏడవడం సిగ్గని కొంగు నోట్లో కుక్కుకుంది.

భిక్షపతి లేచి నిలబడ్డాడు.

"సార్, ఆనాడు మంత్రికి చూపియ్యనీకి బోరు బండి చాలు చేసి పెట్టిన్రు. ఆ మోతల మైకు మాట మాకెట్ల ఇనవడుతది? మనల్ని కంపెనీకి అప్పజెప్తున్నరని ఒకడు చెవుల ఒర్రి చెప్పిండు. మేం చెయ్యెత్తినం. బోరు కాడ మాటలుండయి సార్, చేతులే. రాడ్డు ఇరిగినా, మనిషి పడ్డా చెయ్యెత్తుతం. చెయ్యెత్తితే ఆపుమని. మేం ఆపుమంటే మీరు సరే అన్నట్టు రాసుకున్నరు."

ఎండీ నవ్వాడు. అందులో వెక్కిరింత లేదు. తనకు సంబంధం లేని కథ విన్నవాడి నవ్వు అది.

"లోకమంతా చెయ్యెత్తితే సరే అనే అర్థం, పెద్దాయనా. మీ బోరు భాష కోర్టుకు తెలియదు. తర్వాత సంతకాలు కూడా పెట్టారుగా?"

పెట్టారు. పెట్టకపోతే జీతం ఆపేస్తామన్నారు, పెట్టారు. పిల్లలున్నవాడు ఇంకేం చేస్తాడు? ముగ్గురూ దండం పెట్టి బయటపడ్డారు. లోపల కాల్చేసే కోపం ఉండీ దండం పెట్టి వచ్చినందుకు సైదమ్మకు తన చేతుల మీదే అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ భోజనాల గదిలో మీటింగు పెట్టుకున్నారు. విధవలే ఎక్కువ మంది వచ్చారు. మగవాళ్ళకు చెవులు వినబడవు, ఆడవాళ్ళకు ఓపిక లేదు. గోలగోలగా సాగింది. కోర్టు కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోందని ఒకరు, కొత్త మంత్రికి శాలువా కప్పుదామని ఒకరు. కిష్టమ్మ అనే ఆమె విజయదుర్గ మీద విరుచుకుపడింది. మా మొగోళ్ళు చెయ్యెత్తితే మీ గుమస్తాలు కుర్చీలల్ల కూసొని చప్పట్లు కొట్టిన్రు గదా, ఇప్పుడు మా పక్కన కూసున్నవేంది అంది.

విజయదుర్గ కొంగు సర్దుకుని ఆమె వైపు తిరిగింది.

"కొట్టారమ్మా, అబద్ధమెందుకు? యార్డులో పనిచేసిన మా ఆయనకి ఆ సైగ తెలియక కాదు. పైవాళ్ళు చప్పట్లు కొడితే కొట్టారు. కొట్టినందుకు ఆయనకేమైనా ఎక్కువిచ్చారా? నాకూ మీకూ చూపించేది అదే కిటికీ."

కిష్టమ్మ జరిగి పక్కన చోటిచ్చింది.

పని బంద్ పెడదామని భిక్షపతి అంటే, రిటైరైనోడు ఏం పని బంద్ పెడతడన్నా అని ఎవరో అడిగారు. పనిచేసేవాడు పని ఆపుతాడు. చేతులు అరిగిపోయేదాకా పనిచేసి ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఏం ఆపాలి? గుమ్మం దగ్గర నిలబడ్డ సైదులు అప్పుడు నోరు విప్పాడు. అతను కంపెనీలో కాంట్రాక్టు మీద బోరు బండి నడుపుతాడు, మట్టయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు.

"మీ దగ్గర గుంజుకున్నది మీరు అడుగుతున్నరు. మాకైతే పెన్షన్ అన్న మాటే లేదు. రేపు రావద్దంటే ఎల్లుండి నుంచి పస్తే. మీ కోసం బండి ఆపితే మా కోసం ఎవరొస్తరు?"

"మేమొస్తం బిడ్డా," అంది సైదమ్మ. "ఎన్ని బండ్లున్నా పొయ్యే గేటు ఒక్కటే. మేం గేట్ల కూసుంటం. నువ్వు బండి ఆపకు, నీ నౌకరి నువ్వు చేస్కో."

సైదులు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఎల్బీనగర్ యార్డు గేటులో ఆడవాళ్ళు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మగవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. లోపల బోరు బండ్లు వరసగా ఇంజన్లు స్టార్టు చేసుకుని ఉన్నాయి. ముందున్నది సైదులు బండే. యార్డు ఆఫీసరు తలుపు పట్టుకుని, ముందుకు తియ్, మీదికొస్తే వాళ్ళే లేస్తారు అని అరిచాడు. బండి కదిలింది. నినాదాలు ఇంజను మోతలో మునిగిపోయాయి. వేడి గాలి ముఖాలకు కొట్టింది. కిష్టమ్మ కళ్ళు మూసుకుంది.

సైదమ్మ చెయ్యెత్తింది.

ఆలోచించి ఎత్తింది కాదు. మట్టయ్య ఇంట్లో అన్నం చాలనడానికి కూడా అలాగే అరచెయ్యి చూపేవాడు. కాపురమంతా చూసిన సైగ అది. ఆమె పక్కన విజయదుర్గ ఎత్తింది. ఆ వెనక అందరివీ లేచాయి.

సైదులు బండి ఆపేశాడు. తాళం చెవి జేబులో వేసుకుని కిందికి దిగాడు. అతని వెనక ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. యార్డులో అంత నిశ్శబ్దం పనిరోజున ఎవరూ వినలేదు.

"ఎక్కు! నౌకరి పోతది," అన్నాడు ఆఫీసరు.

"చెయ్యెత్తినంక బండి నడిపితే మనిషి చస్తడు సార్. మట్టయ్య తాత మొదటి రోజు నేర్పింది అదే," అన్నాడు సైదులు. అతని ఇంట్లో చంటిపిల్ల ఉంది, భయం లేకుండా ఎలా ఉంటుంది? అయినా మళ్ళీ ఎక్కలేదు.

పోలీసులు వచ్చారు. జరగమని ఎస్సై చెప్పింది భిక్షపతికి వినబడలేదు. వినీ లెక్కచేయడం లేదనుకుని ఒక కానిస్టేబుల్ లాఠీ ఝళిపించాడు. తల పగిలి పడిపోయిన ముసలాయన్ని మలక్‌పేట సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. ఆడవాళ్ళను వ్యాన్లో ఎక్కించారు. సైదులునూ మిగతా డ్రైవర్లనూ యార్డు నుంచి వెళ్ళగొట్టారు.

సాయంత్రమైంది. ఎస్సై స్టేషన్ వరండాలోకి వచ్చి, కేసేం పెట్టడం లేదు, కంపెనీ ఆడోళ్ళంతా ఇండ్లకు పోండ్రి అన్నాడు. ఎవరూ కదలలేదు. మళ్ళీ చెప్పాడు.

"మేం కంపెనీ ఆడోళ్ళం కాదు," అంది సైదమ్మ. "సర్కారు నౌకరి చేసినోళ్ళ పెండ్లాలం. గా మాట పెట్టి పిలువుండ్రి సారు, లేచిపోతం."

ఎస్సైకి నవ్వొచ్చింది. ఒక్క మాటతో పీడ విరగడవుతుందంటే అంతకన్నా ఏం కావాలి? అనబోయాడు. అంతలో ఆ మాట రేపు పెన్షన్ కేసులో తన పేరుతో వస్తుందేమోనని ఆగి, పక్కకు వెళ్ళి పైవాళ్ళకు ఫోన్ చేశాడు. తిరిగొచ్చినప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

"అట్ల అనొద్దన్నరమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఊరికే పోండ్రి."

సైదమ్మకు పెన్షన్ వస్తుందన్న నమ్మకం లేదు. భిక్షపతి కళ్ళు తెరిచాడో లేదో తెలియదు. సైదులు నౌకరీ తన మూలంగానే పోయింది. నెల తిరిగితే గది ఉంటుందో లేదో కూడా తెలియదు. చేతిలో ఏమీ లేని ఆడవాళ్ళు ఠాణా నేల మీద కూర్చుంటే, ఇంత పెద్ద సర్కారు వాళ్ళను ఒక్క మాటతో పిలవడానికి జంకింది. అది మాత్రం ఆమె కళ్ళారా చూసింది.

బయట ఠాణా గేటు దగ్గర సైదులు, పని పోయిన డ్రైవర్లు వచ్చి కూర్చున్నారు. క్లాసులు అయిపోయి సింధూర, హాస్టల్ పిల్లలు కూడా వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డారు. ఆడవాళ్ళను ఎత్తి బయట పడేయండని ఎస్సై ఒక కానిస్టేబుల్‌తో అన్నాడు. పడేస్తే గేటు దగ్గరే కూర్చుంటారు సార్ అన్నాడు కానిస్టేబుల్.

ఎస్సై మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. విజయదుర్గ, కిష్టమ్మ ఒకరికొకరు ఆనుకున్నారు. సైదమ్మ నొప్పెడుతున్న మోకాళ్ళు చాపుకుని, అతను ఏ మాట అంటాడోనని చూస్తూ కూర్చుంది.